నాలుగు వేళ్ళ మడత

టైలరమ్మకు నోరూ ఊరుకోదు, చేతులూ ఊరుకోవు. ముప్పై అయిదేళ్ళు ఒకే వీధిలో ఒకే మిషను ముందు కూర్చుని సగం పేటకు బట్టలు కుట్టిన మనిషి. మోకాళ్ళు మొరాయించాక కొడుకు ఆ దుకాణాన్ని సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టుగా మార్చుకున్నాడు. మిషను ఇంటికొచ్చి వంటగది పక్కన పడింది. కోడలు దాని మీద ఆరిన బట్టలు కుప్ప పోసేది. ఆ కుప్ప చూసినప్పుడల్లా టైలరమ్మకు ఒళ్ళు మండిపోయేది. "మీ అందరికీ అన్నం పెట్టిన మిషనమ్మా అది, మూటలెయ్యడానికి గాడిద కాదు" అనేది. అనేది కానీ, వినేదెవరు?

అసలు బాధ మిషను గురించి కాదు, నిజం చెప్పుకోవాలి. దుకాణం ఉన్న రోజుల్లో రోజుకు పదిమంది అద్దం ముందు నిలబడి "నీ చేతిలో ఏముందో గానీ టైలరమ్మా!" అనేవాళ్ళు. ఇప్పుడా మాట అనేవాళ్ళు లేరు. పొగడ్త కూడా టీ లాంటిదే, వేళకు పడకపోతే తలనొప్పి వస్తుంది.

అందుకే, వెనక వీధిలో పిల్లల హోమ్ ఉందనీ, చిరిగిన బట్టలు బాగుచేసి పెట్టే మనిషి కోసం చూస్తున్నారనీ తెలియగానే మిషనును బండి మీద ఎక్కించుకుని బయలుదేరింది. ప్రతి గురువారం వస్తానని మాటిచ్చింది.

"ఇంట్లో దిండు గలీబు చిరిగి ఆర్నెల్లయింది అత్తయ్యా," అంది కోడలు. "ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత."

"నీ దిండు గలీబు నన్ను చూసి నవ్వదు కదే," అంది టైలరమ్మ.

ఆ హోమ్‌లో ఇరవై ఆరుమంది ఆడపిల్లలు. అమ్మా నాన్నా లేనివాళ్ళు కొందరు, ఉన్నా సాకలేక వదిలేసినవాళ్ళు కొందరు. వాళ్ళందరికీ ఒక్క వార్డెన్. ఆవిడ కూర్చోగా చూసినవాళ్ళు లేరు. ఎవరొచ్చినా పిల్లలు వరసగా నిలబడి, చేతులు కట్టుకుని, "మా కోసం మీ విలువైన సమయం కేటాయించినందుకు ధన్యవాదాలండీ" అని ఒక్క గొంతుతో చెప్పాలి. అది అక్కడి పద్ధతి. కేకు పట్టుకొచ్చినవాళ్ళూ, పాత బొమ్మలు తెచ్చిచ్చినవాళ్ళూ ఆ మాట వినగానే కళ్ళు తుడుచుకుని, ఫోటో దిగి, "అసలు మేమే వీళ్ళ దగ్గర ఎంతో నేర్చుకున్నాం" అని చెప్పి వెళ్ళిపోయేవాళ్ళు. ఏం నేర్చుకున్నారో, ఎక్కడ దాచుకున్నారో ఆ దేవుడికే తెలియాలి. మళ్ళీ కనిపిస్తే ఒట్టు.

టైలరమ్మ మాత్రం తక్కువ తిందా? మొదటిరోజు ఆ మాట విని ముక్కు చీదింది. ఇంటికెళ్ళి కొడుక్కి నాలుగుసార్లు చెప్పింది.

అయితే ఆ వరసలో నోరు కదపని పిల్ల ఒకతి ఉంది. తొమ్మిదేళ్ళుంటాయి. ప్రతిదానికీ 'ఎందుకు?' అని వాదిస్తుందని అందరూ దాన్ని లాయరు అనేవాళ్ళు. "నువ్వెందుకు చెప్పలేదే ధన్యవాదాలు?" అని టైలరమ్మ దబాయించింది.

"చూడ్డానికి వచ్చినవాళ్ళకి చెప్తాం. నువ్వు పని చెయ్యడానికొచ్చావుగా. నీకెందుకు చెప్పాలి?" అంది లాయరు, దారం ఉండ చేతిలో తిప్పుతూ.

తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడని ఊరికే అన్నారా! టైలరమ్మకు ముందు కోపం వచ్చింది, తర్వాత నవ్వు వచ్చింది. ఇంటికెళ్ళే దారంతా ఆ మాటే నెమరేసుకుంది. ముప్పై అయిదేళ్ళ పొగడ్తల్లో ఇంత రుచి దేనికీ లేదనిపించింది. అప్పట్నుంచీ గురువారం వస్తే ఆ పిల్ల కోసమే కళ్ళు వెతికేవి. అది మిషను పక్కన కూర్చుని సూదిలో దారం ఎక్కించేది, బాబిను నింపేది, నోరు మూయకుండా తప్పులు పట్టేది. "ఏయ్ టైలరమ్మా, కుట్టు వంకర పోయింది చూసుకో" అనేది. వంకర పోయేది కూడా, కళ్ళు సరిగా కనబడక.

హోమ్‌లో బట్టలు ఎవరివీ కావు. పెద్ద బీరువాలో నాలుగు అరలు. చిన్నవి కింద, పెద్దవి పైన. స్నానం చేసి వచ్చిన పిల్ల తన అరలోంచి చేతికందింది తొడుక్కోవడమే. నిన్న దీని మీద ఉన్న గౌను ఇవాళ దాని మీద ఉంటుంది. ఇది చూసి టైలరమ్మ వార్డెన్‌తో పోట్లాడింది. "ఒక్కటంటే ఒక్క జత, వాళ్ళ కొలతకి, వాళ్ళదే అయినది ఉండొద్దటమ్మా?" అంది. పాత ఖాతాదారు ఒకాయన్ని పీడించి నీలంపువ్వుల బట్ట తాను ఒకటి తెప్పించింది. మెడలో టేపు వేసుకుని, చెవిలో పెన్సిలు దోపుకుని, వరసగా కొలతలు తీయడం మొదలుపెట్టింది.

లాయరు వంతు వచ్చింది. టేపు మీద అంకె చూసింది, కాగితం మీద అంకె చూసింది.

"ఇది ఎక్కువ రాశావు."

"పెరిగే పిల్లవి కదే. అంచు దగ్గర నాలుగు వేళ్ళ బట్ట లోపలికి మడిచి కుడతా. వచ్చే ఏడు ఆ కుట్టు విప్పుకుంటే మళ్ళీ సరిపోతుంది."

"నాకొద్దు."

"ఏం, ఎందుకని?"

"వచ్చే ఏడు నేనిక్కడుండను. సెలవులివ్వగానే మా అమ్మొచ్చి తీసుకెళ్తుంది."

"మంచిదే. మీ అమ్మే విప్పుతుంది అయితే."

"మా అమ్మకి కుట్టు రాదు. బట్టల ఫ్యాక్టరీలో ఇస్త్రీ పని చేస్తుంది," అంది లాయరు. తర్వాత గొంతు తగ్గించింది. "మడత పెడితే ఇక్కడే ఉండిపోతానని కదా అర్థం. నాకు మడత వద్దు. ఇప్పుడెంతున్నానో అంతే కుట్టు. ఒట్టెయ్యి."

ఆ మొహం చూసి టైలరమ్మ కాదనలేకపోయింది. "సరేనే తల్లీ. నా కత్తెర మీద ఒట్టు."

ఆ సాయంత్రం వార్డెన్‌ను అడిగింది. వార్డెన్ పళ్ళేలు సర్దుతూనే జవాబిచ్చింది. "వస్తుంది. నాలుగేళ్ళుగా సెలవుల మొదటిరోజు వస్తూనే ఉంది. తీసుకెళ్ళదు. పోయినేడు గది చిన్నదంది. అంతకుముందేడు రాత్రి డ్యూటీ అంది. మారుమనువు చేసుకుంది లెండి, ఆయనకి ఇష్టం లేదు. పిల్లకు చెప్పే ధైర్యం ఆవిడకూ లేదు, నాకూ లేదు."

తర్వాతి గురువారం బట్ట పరిచి, సుద్దతో గీత గీసి, కత్తెర పట్టుకుంది టైలరమ్మ. లాయరు కొలత దగ్గర చెయ్యి ఆగిపోయింది. పెరిగే పిల్ల గౌనుకు లోపల బట్ట వదలకుండా కత్తిరించడం ఆమె జన్మలో చేయలేదు. పని నేర్పిన మేస్త్రి మొదటిరోజే చెప్పాడు, పిల్లల బట్ట బిగించి కోసినవాడికి పాపం తగులుతుందని. ఒట్టు ఒకపక్క, చేతి అలవాటు ఒకపక్క. పోనీ, అలవాటే అనుకుందామంటే అదీ పూర్తి నిజం కాదు. తల్లి తీసుకెళ్ళదని ఆమెకు తెలుసు. వచ్చే ఏడు మోకాళ్ళ పైకి పోయిన గౌనుతో ఈ పిల్ల ఇక్కడే తిరుగుతుందని తెలుసు. అప్పుడు కుట్టు విప్పి, "చూశావా, నీకోసం దాచిపెట్టాను" అని చెప్పాలనీ, ఆ పిల్ల కళ్ళు పెద్దవి చేసుకుని తనను చూడాలనీ కోరిక. అదీ అసలు సంగతి. దొంగ బుద్ధి ఎక్కడికి పోతుంది!

నాలుగు వేళ్ళు వదిలే కోసింది. మడతను లోపలికి తిప్పి, పైకి ఒక్క పోగు కనబడకుండా చేతికుట్టు వేసి, తడిగుడ్డ పరిచి ఇస్త్రీ చేసింది. లాయరు తిప్పి తిప్పి చూసింది. దానికి తేడా తెలియలేదు. "బాగుంది. కుట్టు వంకర పోలేదు," అంది. దాని నోటి వెంట అంతకంటే పెద్ద పొగడ్త రాదు.

సెలవుల మొదటిరోజు గురువారం కాదు. అయినా టైలరమ్మ వెళ్ళింది. తన గౌనులో ఆ పిల్లను చూసుకోవాలని వెళ్ళింది. లాయరు పొద్దున్నే తలదువ్వుకుని, గౌను తొడుక్కుని, పుస్తకాలూ పలకా అట్టపెట్టెలో సర్దుకుని గేటు దగ్గర బల్ల మీద కూర్చుంది. పదకొండింటికి తల్లి వచ్చింది. బక్కపలచటి మనిషి, వేళ్ళ మీద ఇస్త్రీపెట్టె కాల్చిన మచ్చలు. చేతిలో ఖాళీ సంచీ ఉంది. ఆ సంచీ చూసి టైలరమ్మ ప్రాణం లేచొచ్చింది. బట్టలు పెట్టుకెళ్ళడానికి కాకపోతే ఖాళీ సంచీ ఎందుకు తెస్తుంది?

తల్లి కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుంది. జుట్టు నిమిరింది, బుగ్గలు నిమిరింది. నిమురుతూ నిమురుతూ గౌను అంచు పట్టుకుంది. ఏళ్ళ తరబడి వేల గౌన్లు సాపు చేసిన చెయ్యి అది. బొటనవేలు ఒక్కసారి అలా జారగానే ఆగింది. అంచు తిరగేసి చూసింది.

"ఎవరే కుట్టింది? ఎంత బాగా కుట్టారు! లోపల నాలుగు వేళ్ళ బట్ట వదిలారు."

"లేదమ్మా. లోపలేం లేదు. టైలరమ్మ ఒట్టేసింది."

"పిచ్చిమొద్దూ, ఇదిగో చూడు. ఇంకో రెండేళ్ళు ఢోకా లేదు నీకు."

లాయరు వంగి మడత చూసింది. తర్వాత తలెత్తి టైలరమ్మను చూసింది. కోపంగా చూసినా బాగుండేది. లెక్క తప్పినప్పుడు పిల్లలు పలక వైపు చూస్తారే, అలా చూసింది.

తల్లి లేచి వార్డెన్ దగ్గరకు వెళ్ళింది. "ఈసారి తీసుకెళ్దామనే వచ్చానండి. కానీ మీరింత ముందుచూపుతో చూసుకుంటుంటే... నేను తీసుకెళ్ళి ఏం పెట్టగలను? రెండేళ్ళాగి చూద్దాం" అంది. వెళ్ళేముందు టైలరమ్మ రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. "మీ మేలు మరిచిపోలేనమ్మా. నా బెంగంతా తీర్చేశారు," అంది. ఖాళీ సంచీని నాలుగు మడతలు పెట్టి చంకలో పెట్టుకుని గేటు దాటింది.

జీవితంలో ఎన్నో పొగడ్తలు తిన్న టైలరమ్మకు ఆ ఒక్కటీ గొంతులో ముల్లులా దిగింది. తీసుకెళ్ళవే నీ పిల్లను, అని అరవాలనుకుంది. ఊరుకోని నోరు ఆ ఒక్కరోజూ ఊరుకుంది.

"మీరేం బాధపడకండి," అంది వార్డెన్. "ఆ సంచీ ఏటా తెస్తుంది, ఏటా అలాగే తీసుకెళ్తుంది. మీ మడత కాకపోతే ఇంకో సాకు."

కావచ్చు. కానీ ఈ ఏటి సాకు మాత్రం టైలరమ్మ చేతులారా కుట్టి, ఇస్త్రీ చేసి ఇచ్చింది.

తర్వాతి గురువారం మిషను మీద నీలంపువ్వుల పేలిక ఒకటి చుట్టచుట్టి ఉంది. నాలుగు వేళ్ళ వెడల్పు. లాయరు ఆమె కత్తెరే తీసుకుని, మడత విప్పి గౌను చుట్టూ కోసేసింది. కోసిన అంచు పోగులు లేచిపోయిన గౌనుతోనే ఎదురుగా తిరిగింది. "ఇలా ఇవ్వవే, అంచు కుడతా" అంటే వినబడనట్టు వెళ్ళిపోయింది. సూదిలో దారం ఎక్కించడానికి టైలరమ్మ ఆ రోజు పదిసార్లు ప్రయత్నించింది.

ఆ వారమంతా ఆలోచించింది. ఒట్టు తప్పినా మంచే చేశాననుకుంది అప్పుడు. ఆ పిల్ల అడిగింది గౌను కాదు, మా అమ్మొస్తుందని నాతో పాటు నువ్వూ నమ్ము అని అడిగింది. నమ్మినట్టు నటించి, లోపల మాత్రం రాదని కుట్టిపెట్టింది తను. నిజం తెలిస్తే ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పాల్సింది. చెప్పే ధైర్యం లేకపోతే ఒట్టయినా నిలుపుకోవాల్సింది. ఈ మాత్రం తెలుసుకోవడానికి అరవై రెండేళ్ళు పట్టింది. అదీ ఎవరి ఖర్చుతో తెలుసుకుంది? తొమ్మిదేళ్ళ పిల్ల ఖర్చుతో.

క్షమించమని అడగబోయింది రెండుసార్లు. లాయరు రెండుసార్లూ పాఠం ఉందని లేచిపోయింది. మానేద్దామనుకుంది టైలరమ్మ, అయినా ఒక్క గురువారమూ తప్పకుండా వెళ్ళింది. కేకులవాళ్ళలా మాయమైపోతే దాన్ని వదిలేసినవాళ్ళ లెక్కలో తనూ చేరుతుందని భయం.

ఏడాది తిరిగింది. ఈసారి సెలవులకు తల్లి రాలేదు, కబురు కూడా లేదు. మళ్ళీ బట్ట వచ్చింది, ఈసారి ఆకుపచ్చది. పిల్లలు వరస కట్టారు. లాయరు వంతు వచ్చింది. పొడవైంది, బుగ్గలు లోపలికి పోయాయి. చెప్పకముందే చేతులు రెండూ పైకెత్తి నిలబడింది.

టైలరమ్మ టేపు చుట్టింది. "అంచు దగ్గర ఎంత వదలమంటావే?" అని అడిగింది.

"మీ ఇష్టమండీ."

మీరట. అండీ అట. "నీ ఇష్టమే చెప్పు. అసలు వదలొద్దంటే వదలను. ఈసారి నిజంగానే వదలను. వాదించవే, తిట్టవే నన్ను!" అంది టైలరమ్మ. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి, దాచుకోలేదు.

లాయరు కాగితం మీద అంకె వైపు చూడలేదు.

"ఎక్కువే వదలండి. ఎన్నేళ్ళయినా వస్తుంది," అంది.

టేపు విప్పగానే చేతులు దించింది. ఒక అడుగు వెనక్కి వేసి, చేతులు కట్టుకుని, "మా కోసం మీ విలువైన సమయం కేటాయించినందుకు ధన్యవాదాలండీ" అని చక్కగా, ఒక్క తప్పు లేకుండా చెప్పింది. చెప్పి, వెనకున్న పిల్లకు దారిచ్చి పక్కకు జరిగింది.