గోడ మీది అట్ట పానా

ఆ రోజు పొద్దున ఆకాశం కురవాలో వద్దో తేల్చుకోలేక బూడిదరంగు దుప్పటి కప్పుకుని పడుకుంది. మా బావ ఉండి ఉంటే గుమ్మంలో నిలబడి, తల పైకెత్తి, "మబ్బు కిందికి దిగింది. ఇవాళ ఏదీ లేవదు" అనేవాడు. మా ఇళ్ళలో లేవాల్సినవేమీ లేకపోయినా అనేవాడు. సైన్యంలో విమానాలు బాగుచేసిన మనిషి.

ఆయన పోయి ఏడాదైంది. ఆయన పనిముట్ల పలకను మెకానిక్కుల బడికి ఇస్తానని అక్క మాటిచ్చింది. తీసుకెళ్ళడానికి బావతో కలిసి పనిచేసిన స్నేహితుడు వచ్చాడు. మాట్లాడేటప్పుడు రెండు చేతులూ గిరగిరా తిప్పుతాడు కాబట్టి మేమంతా ఆయన్ని ప్రొపెల్లర్ గారు అంటాం. ఆయన కాఫీ ఎప్పుడూ బల్లకి ఆ చివర పెడతాం.

వెనక గది గోడకి బావ చెక్క పలక బిగించి, దాని మీద ఒక్కో పనిముట్టుకీ నల్లరంగుతో నీడ గీశాడు. పని అయ్యాక దేని నీడలోకి అది రావాలి. ఒక్క నీడ ఖాళీగా ఉన్నా విమానం లేవకూడదు. ఇంజన్లో మరిచిపోయిన చిన్న పానా చాలు, విమానం కూలిపోతుంది. అది వాళ్ళ షెడ్డులో పద్ధతి. బావ దాన్ని కాపురంలోకి కూడా తెచ్చాడు.

పెళ్ళయి అక్కను తీసుకెళ్ళే రోజున వ్యాను మొరాయిస్తే తనే బాగుచేశాడు. అందరూ ఎక్కాక చూస్తే స్క్రూడ్రైవర్ లేదు. అందర్నీ దింపేశాడు. పెద్దవాళ్ళు బతిమాలారు, మా నాన్న కేకలేశాడు. బావ కదల్లేదు. చివరికి అది డ్రైవరు బెల్టులోనే దొరికింది. అప్పటిదాకా అందరికన్నా హడావుడిగా వెతికినవాడు ఆ డ్రైవరే. అక్క కాపురం అలా వ్యాను కిందికి తొంగిచూడటంతో మొదలైంది.

ఉద్యోగం మీద బావ దేశాలు చాలా తిరిగాడు. "ఆ దేశం ఎలా ఉంటుంది బావా?" అని ఒకసారి అడిగాను.

"నేల నున్నగా ఉంటుంది. నూనె పడితే ఇట్టే కనబడుతుంది."

"ఇంకో దేశం?"

"చలి. పానా పట్టుకుంటే చెయ్యి అంటుకుపోతుంది."

ఆయన చూసిన ప్రపంచమంతా షెడ్డు తలుపు లోపలే ఉండేది.

ప్రొపెల్లర్ గారు పనిముట్లు ఒక్కొక్కటే తీసి గుడ్డలో చుడుతున్నాడు. ఒక పానా తీశాడు. తూకం చూస్తున్నట్టు అరచేతిలో ఎగరేశాడు. అది మెల్లగా తేలుకుంటూ వచ్చి నేల మీద పడింది.

"చెల్లెమ్మా, ఇది అట్ట!"

నిజమే. అట్ట కత్తిరించి, వెండిరంగు పూసి, తుప్పు మరక కూడా దిద్దాడు బావ, మహానుభావుడు. మేనల్లుడు పొట్ట పట్టుకుని నవ్వాడు. నేనూ నవ్వు దాచుకోడానికి మొహం తిప్పుకున్నాను. అక్క మాత్రం నవ్వలేదు.

"అన్నయ్యగారూ, రేపు ఈ పలక చూపించి, ఇదీ పద్ధతి అని పిల్లలకి చెబుతారు. అందులో అట్ట ముక్క ఉంటే ఆయన పేరు ఏం కావాలి? అసలుది దొరికేదాకా పలక గడప దాటదు. ఎవరూ అన్నం ముట్టడానికి వీల్లేదు."

"బజార్లో కొత్తది దొరుకుతుంది కదమ్మా" అన్నాడు మేనల్లుడు.

"అయితే మీ నాన్ననీ ఒకర్ని కొనుక్కురా."

వాడు వెతకడానికి అటక ఎక్కాడు. ప్రొపెల్లర్ గారు మంచం కింద దూరి, చేతులు తిప్పడానికి చోటు లేక మాట కూడా పడిపోయి, కాళ్ళు మాత్రం ఆడించాడు. లాగి బయటపడేశాం.

"ఒకప్పుడు మీ బావ కూడా నెలరోజులు మంచాల కిందే పాకాడు" అంది అక్క. "ఏమిటండీ అంటే, నడుముకి వ్యాయామం అన్నాడు."

అటక మీంచి మేనల్లుడు ఏదో అన్నాడు.

"గట్టిగా చెప్పరా! ఈ ఫ్రిజ్ మోతలో ఏం వినబడి చస్తుంది!" అని అరిచింది అక్క.

ఆ ఇంట్లో ఫ్రిజ్ భోజనాల బల్ల పక్కనే ఉంటుంది. టకటకమని ఒకటే మోత. దాని పక్కన కూర్చుని ఉప్పు అడగాలన్నా పొలంలో ఎద్దుల్ని అదిలించినట్టు అరవాల్సిందే. బాగుచేయించమని అక్క ఎన్నిసార్లు పోరిందో. "యుద్ధవిమానాలు విప్పినవాణ్ణి, నాకు చెబుతావా? దాని గొంతే అంత" అనేవాడు బావ.

అక్క ఉన్నట్టుండి ఆగిపోయింది.

"ఒరేయ్ తమ్ముడూ, ఈ మోత ఎప్పటినుంచి?"

"బావ దాన్ని బాగుచేసినప్పటినుంచి."

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. నేను ఫ్రిజ్ ముందుకి లాగాను. అక్క నేల మీద కూర్చుని, వెనక అడుగున మోటారు పక్కకి భుజం దాకా చెయ్యి పోనిచ్చింది. మోత ఠక్కున ఆగింది. దుమ్ముతో, బూజుతో పానా బయటికొచ్చింది.

ప్రొపెల్లర్ గారి చేతులు ఆగిపోవడం నేను అప్పుడే చూశాను.

ఇల్లంతా వెతికిన బావ అక్కడ మాత్రం వెతకలేదు. వెతికితే ఆ చప్పుడు తన చేతి పనేనని అక్క ముందు ఒప్పుకోవాలి. దానికన్నా అట్ట కత్తిరించడమే తేలికనుకున్నాడు.

అక్క తిన్నగా గోడ మీది బావ ఫోటో దగ్గరికి వెళ్ళింది. పానా ఆయన ముక్కు దాకా పెట్టి, "ఇదేనా దాని గొంతు? మొదటిరోజే చెప్పానా లేదా?" అని నిలదీసింది. ఫోటోలో బావ ఎప్పటిలాగే పైకి చూస్తున్నాడు. అప్పుడు నవ్వింది అక్క, కళ్ళనీళ్ళు వచ్చేదాకా.

పానా తుడిచి తన చేత్తోనే నీడలో పెట్టింది. తర్వాత ప్రొపెల్లర్ గారు అన్నీ చుట్టుకుని, మేనల్లుడితో కలిసి పలక విప్పి బండికెక్కించాడు. బోసిపోయిన గోడకి మేకు ఒకటి మిగిలింది. అక్క అట్ట పానాను దానికి తగిలించి, వంకర లేకుండా సరిచేసింది.

అందరం భోజనానికి కూర్చున్నాం.

"మామయ్యా! ఉప్పు ఇటివ్వు!" అని మేనల్లుడు అలవాటుగా అరిచి, తన గొంతుకి తనే ఉలిక్కిపడ్డాడు. నేను ఉప్పు జరిపాను. ఆ తర్వాత ఎవరికీ ఎంత గొంతుతో మాట్లాడాలో తెలియలేదు. కంచాల చప్పుడు, నమిలే చప్పుడు కూడా వినబడుతున్నాయి. అక్క ముద్ద చేత్తో పట్టుకుని ఒకసారి ఫ్రిజ్ వైపు చూసింది. ఇంకోసారి చూసింది. మేం తలలు వంచుకుని తిన్నాం.