జెయింట్ వీల్ కింద సముద్రం

వేసవి ఎగ్జిబిషన్‌కి వచ్చే జెయింట్ వీల్ ఇంకా ముక్కలుగా లారీలో ఉండగానే, దాని బొమ్మ మైదానం గేటు మీదికెక్కాలి. ఆ వ్యాపారం పద్ధతి అది. అందుకే దిల్‌సుఖ్‌నగర్ రామస్వామి నలభై ఏళ్లుగా చూడనివాటినే గీసి బతికాడు. యజమాని వచ్చి పేరు చెబితే చాలు, రేకు మీద ఎనామిల్ రంగులతో చక్రం లేచేది. దాని కింద సముద్రం, వెనకాల మంచుకొండలు. మనుషులు కూర్చునే డబ్బాలు పన్నెండుంటే ఇతను ఇరవైనాలుగు వేసేవాడు. నల్లగొండ పల్లెలో పుట్టినవాడికి సముద్రం ఎక్కడ తెలుసంటారా? తెలియకనే అంత నీలంగా వచ్చింది మరి.

ఆ బొమ్మలంటే అతని భార్య ముత్తమ్మకు ప్రాణం. ఏటా తననూ ఒకసారి చక్రం ఎక్కించమని అడిగేది. వచ్చే ఏడు చూద్దామని అతను దాటేసేవాడు. జనం టికెట్ కొనేదాకా బొమ్మను నమ్మితే చాలు, ముత్తమ్మ మాత్రం ఇంటికి వచ్చాక కూడా నమ్మాలి. పైకెక్కి చూస్తే సముద్రమూ ఉండదు, కొండలూ ఉండవు, మొగుడు వట్టి అబద్ధాలకోరని తేలిపోతుంది. పాపం, అదీ అతని భయం.

ఈ వేసవి ఎల్బీనగర్‌లో ఎగ్జిబిషన్ పెట్టిన బాల్‌రాజ్, ఆరంభం రోజు దంపతులిద్దరినీ పిలిచి, కాస్త మొహమాటపడుతూనే చెప్పాడు. వచ్చే ఏటి నుంచి బోర్డులన్నీ ఫ్లెక్సీలేనట, చేత్తో గీసేవి వద్దట. ఆ మాట వినగానే ముత్తమ్మ కొంగు దోపుకుని నేరుగా చక్రం దగ్గరికి నడిచింది. వచ్చే ఏడు చూద్దామనడానికి ఇక వచ్చే ఏడు లేదు, రామస్వామి ఆమె వెనకే వెళ్లి ఎక్కాడు.

డబ్బా పైకి లేస్తుంటే అతను కళ్లు గట్టిగా మూసుకున్నాడు. ఎత్తుకు భయపడి కాదు, ఆమె ముఖం చూడాల్సి వస్తుందని. కింద జనం ఎక్కుతున్నట్టున్నారు, చక్రం ఆగింది. వీళ్ల డబ్బా అన్నిటికంటే పైన ఉంది. కళ్లు తెరవకుండానే అతను ఒప్పుకున్నాడు.

"సముద్రం లేదే. నేనెన్నడు ఎక్కి చూడలే. అన్నీ ఉత్తగనే గీసిన."

"నాకెర్క లేదా? ఎల్బీనగర్‌ల సముద్రమెక్కడిది," అందామె నెమ్మదిగా. "నువ్వు జర కండ్లు తెరువు."

తెరిచాడు. మెట్రో రైలు స్టేషన్‌లోకి వస్తోంది. డాబాల మీద నల్లటి నీళ్ల ట్యాంకులు, ఆరేసిన బట్టలు, విజయవాడ రోడ్డు పొడుగునా బస్సులు. ఆమె ముఖంలో వెతికినా కోపం కనబడలేదు.

"మరి ఏటేటా ఎందుకడిగినవే?"

"నువ్వు గీసినప్పుడల్లా అన్నిట్ల మీది డబ్బల ఒక ఆలుమొగల్ని కూసోవెట్టినవ్. ఎవలో ఏమో. మనం గూడ ఒక్కపారి గట్ల కూసుంటే బాగుండనిపించేది."

లేని సముద్రాన్ని దాచుకోవడానికి రామస్వామి ఆమెవి నలభై వేసవులు పాడు చేశాడు.

చక్రం తిరిగి తిరిగి ఆగింది. దిగబోతున్న ముత్తమ్మ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, గొలుసు తీయడానికి వచ్చిన మనిషితో ఇంకో రెండు టికెట్లు కావాలన్నాడు.