రోవెనా కారులో వేడిగాలి

శనివారం మధ్యాహ్నం బర్నీలో ఉన్న అక్క దగ్గరికి వెళ్ళిపోతానని రోవెనా మంగళవారమే చెప్పేసింది. ఇక తిరిగి రానని కూడా చెప్పింది. కోపంగా చెప్పలేదు, చెత్తబండి ఎప్పుడొస్తుందో చెప్పినట్టు చెప్పింది. అలిస్టర్‌కి భయం వేసింది అందుకే. కోపమైతే బతిమాలుకోవచ్చు.

పంతొమ్మిదేళ్ళ కాపురం. పిల్లల్లేరు, ఇంట్లో ఇద్దరే. అలిస్టర్ చెడ్డవాడని వాళ్ళ ఊరు బోత్‌వెల్‌లో ఎవరూ అనరు. కాకపోతే ఏ పని చెప్పినా అతని నోట ఒకటే మాట: "చూద్దాంలే." చూరు కారితే చూద్దాంలే, తలుపు బిగుసుకుంటే చూద్దాంలే. కారులో హీటరు పనిచెయ్యడం లేదని ఆమె మూడు శీతాకాలాలుగా చెబుతూనే ఉంది. తెల్లవారకముందే లేచి, అద్దం మీద పేరుకున్న మంచు గీక్కుని, ఒళ్ళో వేడినీళ్ళ సంచి పెట్టుకుని, ఓట్లాండ్స్ వృద్ధాశ్రమంలో డ్యూటీకి యాభై కిలోమీటర్లు వెళ్ళేది. "ఇంకో కోటు వేసుకో" అనేవాడు మహానుభావుడు, పక్క మీంచి లేవకుండానే.

బుధవారం మొదటిసారి హీటరు సంగతి పక్కింటి వెర్న్‌ని అడిగాడు. ఆ ముసలాయన ముప్ఫయ్యేళ్ళు లారీలు బాగుచేసిన మనిషి.

"ఇంజను వేడి చూపించే సూది ఎప్పుడూ చల్లని వైపే ఉంటుందా? అయితే థర్మోస్టాట్ పోయినట్టే. ఇంజను వేడెక్కేదాకా నీళ్ళని రేడియేటర్లోకి పోనివ్వకుండా ఆపే బిళ్ళ అది. అది పోతే హీటరుకి వేడి అందదు. నువ్వే మార్చుకోవచ్చు, మెకానిక్ ఎందుకు?" అన్నాడు వెర్న్.

శుక్రవారం హోబార్ట్ వెళ్ళి కొత్త బిళ్ళ తెచ్చుకున్నాడు అలిస్టర్. కారు బాగైతే ఆమె ఉండిపోతుందని అతనికి ఎవరూ చెప్పలేదు. తనకు తానే అనుకున్నాడు. ఇంకేం అనుకోవాలో తెలియలేదు పాపం.

శనివారం పొద్దున, ఇంజను చల్లగా ఉన్నప్పుడే రేడియేటర్లో ఇంజన్ని చల్లబరిచే ఆకుపచ్చ నీళ్ళన్నీ ఒక పాత బేసిన్లోకి వదిలాడు. రేడియేటర్ పై గొట్టం వెంట చూసుకుంటూ పోతే ఇంజను మీద రెండు బోల్టులున్న మూత దొరికింది. మొదటి బోల్టు దగ్గరే స్పానర్ జారి వేళ్ళ కణుపులు గీరుకుపోయాయి. ఎలాగో మూత ఊడదీశాడు. లోపల ఏమీ లేదు.

"వెర్న్! పాతది లేనే లేదిక్కడ!"

ముసలాయన కంచె మీద మోచేతులు ఆనించాడు. "కారు ఎవరి దగ్గర కొన్నావయ్యా?"

"ఉత్తరాన మౌంట్ ఐజా నుంచి వచ్చినాయన. గనిలో చేసేవాడు."

"ఇంకేం, తెలిసిపోయింది. ఆ ఉత్తరాది వాళ్ళు అక్కడి మండే ఎండలకి ఇంజను కాగిపోతోందని దీన్నే పీకి పారేస్తారు. అక్కడ హీటరెవడిక్కావాలి? అది సరే, ఇన్నేళ్ళూ ఒక్కసారి విప్పి చూడబుద్ధి కాలేదా నీకు?"

"చూద్దామనే అనుకుంటూ..."

"బాగానే చూశావులే. బిగించేముందు ఆ కొత్తదాన్ని మరిగే నీళ్ళలో వేసి చూడు. తెరుచుకుంటేనే పెట్టు."

వంటింట్లో రోవెనా కప్పులు కాగితాల్లో చుట్టి అట్టపెట్టెలో సర్దుతోంది. అలిస్టర్ బిళ్ళకి దారం కట్టి గిన్నెలోకి దించి, స్టవ్ వెలిగించాడు.

"గుడ్డు ఉడకేస్తున్నావా?"

"కాదు, ఇలా వచ్చి చూడు."

వచ్చింది. ఇద్దరూ భుజం భుజం ఆనించి గిన్నెలోకి వంగారు. నీళ్ళు మరిగేవేళకి బిళ్ళ మధ్యలో మూత నెమ్మదిగా పైకి లేచింది.

"అబ్బ, ఎంత ముద్దుగా తెరుచుకుందో!" అని నవ్వింది రోవెనా. ఆ నవ్వు విని ఎన్ని నెలలైందో. అలిస్టర్‌కి ప్రాణం లేచొచ్చింది. ఉండిపోతుంది, తప్పకుండా ఉండిపోతుంది అనుకున్నాడు.

స్ప్రింగు ఇంజను వైపుకి వచ్చేలా బిళ్ళ కూర్చోబెట్టి, మూత బిగించి, కొత్త నీళ్ళు పోసి, ఇంజను స్టార్ట్ చేశాడు. రేడియేటర్ మూత తీసే ఉంచి, బుడగలు ఆగేదాకా నీళ్ళు పోస్తూ నిలబడ్డాడు. చాలాసేపు చల్లగానే ఉన్న పై గొట్టం ఉన్నట్టుండి చెయ్యి కాలేంత వేడెక్కింది. సూది మధ్యకి వచ్చింది. రేడియేటర్ మూత పెట్టేసి, చిన్నపిల్లాడిలా ఆమెని కేకేశాడు.

రోవెనా వచ్చి స్టీరింగు ముందు కూర్చుని, గాలి వచ్చే చోట రెండు చేతులూ పెట్టింది. వెచ్చటి గాలి. కళ్ళు మూసుకుంది. బుగ్గల మీద నీళ్ళు జారాయి.

"ఎంతసేపు పట్టింది?"

"రెండు గంటలే! స్పానర్ జారకపోతే ఇంకా ముందే అయ్యేది. ఏమీ రాని నాకే ఇంత సులువైందంటే..."

తనేమన్నాడో తన చెవులకే వినపడింది.

"రెండు గంటలు" అంది రోవెనా. "ఇదేదో పెద్ద రోగమనుకున్నాను అలిస్టర్. నీ వల్ల కాదేమో అనుకున్నాను. ఇన్నాళ్ళూ అలా అనుకునే ఉండగలిగాను."

ఆమె అడగకుండానే అతను లోపలికి వెళ్ళి అట్టపెట్టెలు మోసుకొచ్చి వెనక సీట్లో పెట్టాడు. ఒకరు చెప్పకుండా అతను చేసిన పని బహుశా అదొక్కటే. ఆమె సీటు కిందనుంచి వేడినీళ్ళ సంచి తీసి అతని చేతిలో పెట్టింది.

"ఇది నువ్వుంచుకో. నాకిక అక్కర్లేదు."

కారు వీధి మలుపు దాకా నెమ్మదిగా వెళ్ళింది. మూడు శీతాకాలాలుగా ఆవిరి కమ్మి ఉండే ఆ కారు అద్దాలు ఆరోజు తేటగా ఉన్నాయి. ఆమె వెనక్కి తిరిగి చూడకపోవడం అతనికి స్పష్టంగా కనిపించింది.