మింగకండి

"మింగకండి. ఊపిరి మెల్లగా తీసుకోండి. కదలకండి," అని మైకులో చెప్పి ఆమె మీట నొక్కింది.

అద్దానికి అవతల బల్ల నెమ్మదిగా గుండ్రటి యంత్రంలోకి జారింది. దాని మీద పడుకున్నవాడు పొద్దుటి నుంచి తొమ్మిదో మనిషి. ఇరవై నాలుగేళ్లుగా ఆమె చెబుతున్నవి ఈ మాటలే. ఆమె పొట్టి మనిషి, యాభై దాటాయి. వేళ్లు మొరటువే గానీ, ఇంజక్షనుకు నరం దొరకబుచ్చుకోవడంలో వాటికి తిరుగులేదు. ఇంట్లో అత్తగారికి చెవుడు. అక్కడ అరిచి మాట్లాడుతుంది. ఆస్పత్రిలో అడిగితే తప్ప నోరు విప్పదు. అందరూ స్కానక్క అంటారు.

బల్ల మీదివాడు కూరగాయల మార్కెట్లో వేలంపాట పాడేవాడు. నాలుగు నెలల కిందట వచ్చినప్పుడు బొంగురుగానైనా మాట వచ్చేది. అప్పుడూ స్కాన్ ఆమే తీసింది. ఎడమ స్వరతంత్రి మీద చిన్న ఉబ్బు కనిపించింది. చూపించబోతే, రిపోర్టులు రాసే పెద్ద డాక్టరు తలెత్తలేదు. తీయడం నీ పని, చూడడం నా పని అన్నాడు. ఆ చూడడమెంతో ఆమెకు తెలుసు. సాయంత్రం ఇంటికి బయలుదేరుతూ, నిలబడే నలభై రిపోర్టుల మీద సంతకాలు గీకేవాడు. వేలంపాటవాడి రిపోర్టులో మామూలు వాపేనని వచ్చింది. నాలుగు నెలలు దగ్గుమందు తాగాడు.

తెర మీద గొంతు పొరలు పొరలుగా విచ్చుకుంది. ఉబ్బు రెండో తంత్రి మీదికి పాకింది. గొంతుకు ముందు డాలులా ఉండే మృదులాస్థి ఒకచోట చెదలు తిన్న తలుపులా ఉంది. జబ్బు దాన్ని దాటి బయటి కండలోకి చొచ్చుకుపోయింది. అప్పుడే రేడియేషన్ కరెంటు వైద్యం మొదలుపెడితే గొంతు దక్కేదేమో. ఇప్పుడు స్వరపేటిక తీసేయాల్సిందే.

ఆమె పాత స్కాన్ ఫొటో, కొత్త ఫొటో పట్టుకుని డాక్టరు గదికి వెళ్లింది.

"పాతదెందుకు తెచ్చావు?"

"రెండూ పక్కపక్కన పెట్టి చూడండి సార్."

చూశాడు. ఈసారి నిజంగానే చూశాడు. పాతది పక్కకు తోసి, రోగికి కొత్తది ఒక్కటే ఇవ్వమన్నాడు. జబ్బు ముదిరాక వచ్చాడని రాస్తానన్నాడు.

ముదిరాక వచ్చాడట! పని మానుకుని, వరసలో నిలబడి, వేళకే వచ్చినవాణ్ణి ఇంటికి పంపించిందెవరు? ఆమెకు ఒళ్లు మండిపోయింది. ఆయన మీద ఎంత మండిందో, నాలుగు నెలలు నోరు కుట్టుకున్న తన మీద అంతకు రెట్టింపు మండింది.

వరండాలో వేలంపాటవాడూ భార్యా బెంచీ మీద కూర్చున్నారు. స్కానక్క రెండు ఫొటోలూ ఒకే కవరులో పెట్టి భార్య చేతికిచ్చింది. అప్పుడే తనకు కనపడిందనీ, డాక్టరు కసిరితే ఊరుకున్నాననీ దాచకుండా చెప్పింది. ఈ పూటే క్యాన్సర్ ఆస్పత్రికి వెళ్లమంది. భార్య కవరును రెండు చేతులా గుండెకదుముకుంది. అతడు గొంతు మీద వేళ్లు నొక్కుకుని, ఊపిరితోనే అన్నాడు.

"నీకు గొంతుందిగా తల్లీ. నువ్వెందుకు ఊరుకున్నావు?"

తిట్టి ఉంటే తట్టుకునేది. అతడు నిజంగా తెలుసుకుందామనే అడిగాడు.

తిరిగొచ్చి ఫిర్యాదుల పుస్తకంలో జరిగిందంతా తేదీలతో రాసి సంతకం పెట్టింది. తర్వాత ఇంకా అయిదుగురికి స్కాన్ తీసింది. నాలుగింటికి అటెండరు వచ్చి నేల చూస్తూ నిలబడ్డాడు.

"రేపటి నుంచి రావద్దన్నారక్కా."

మర్నాటి రోగుల సంగతేమిటని మాత్రం అడిగింది. ఎవరినో తెస్తారట. బయట మిగిలిన ముసలాయనను లోపలికి పిలిచి, స్కాన్ పూర్తిచేసి, యంత్రం ఆపి వెళ్లిపోయింది.

వేలంపాటవాడు ఆపరేషను తేదీ రాకముందే, ఒకనాటి పొద్దున్న ఊపిరాడక పోయాడు. ఫిర్యాదు మీద విచారణ జరిగిన రోజున అతడి భార్య కవరు పట్టుకుని వస్తే, స్కానక్క పక్కనే కూర్చుని అంతా చెప్పింది. ఆ రోజు డాక్టరు సెలవు పెట్టాడు.

స్కాన్ గదిలో కుర్చీ వీపున స్కానక్క వదిలివెళ్లిన ఊదారంగు స్వెటర్ ఇంకా వేలాడుతోంది. మోచేతుల దగ్గర వేరే రంగు ఊలుతో అల్లిన అతుకులు, ఏసీ గాలికి కొద్దికొద్దిగా కదులుతున్న ఒక చెయ్యి.