మూడోసారి అడగని మేయరమ్మ

హాల్డోర్ఫ్ ఊరి మొక్కజొన్న పండగ గురించి ఎవరేం చెప్పినా నమ్మకండి. నేను చెప్పిందే నమ్మండి. ఎందుకంటే ఆ రోజు ఊరేగింపులో నేను మొదటి వరసలో కూర్చున్నాను. ఎంత మొదటి వరసంటే, బ్యాండువాడు డోలు మీద దెబ్బ వేసినప్పుడల్లా ఆ గాలికి నా టోపీ లేచి మళ్ళీ నెత్తిన కూర్చునేది.

ఇక ఓర్లిన్ ట్వెట్ సంగతి. మిన్నెసోటాలో బతుకంతా పందుల్ని పెంచి, వాటికంటే ముందు తనే అలిసిపోయి పొలం అమ్మేసిన మనిషి. ఎండిన మొక్కజొన్న కర్రలా ఉంటాడు. మాట్లాడితే వాన గురించి, లేకపోతే వాన రాకపోవడం గురించి. పొలం అమ్మగానే ఒక ఆర్‌వీ కొన్నాడు. మంచం, పొయ్యి, స్నానాలగది అన్నీ లోపలే ఉండే ఇంటిబండి. దాని పొడుగు ఎంతంటే, ఆయన భార్య లవోన్ వెనక పొయ్యి మీద కాచిన కాఫీ ముందు సీటుకి చేరేసరికి చల్లారిపోయేది.

వేసవంతా ఆ బండిలో అయోవా పల్లెలు తిరిగారు.

"ఇవాళ ఎటు పోదాం?" అని లవోన్ అడిగేది.

"నీ ఇష్టం," అనేవాడు ఓర్లిన్.

ఆవిడ ఇష్టం ఎటున్నా, బండి మాత్రం ఏదో ఒక ఊరి పండగ దగ్గరే ఆగేది. ఓర్లిన్ దిగి, పోటీల పందిట్లో చేతులు వెనక్కి కట్టుకుని ఒక చుట్టు తిరిగి, "బాగానే ఉంది" అని వచ్చి కూర్చునేవాడు. కారణం లవోన్‌కి తెలుసు. తెలిసి కూడా అడగలేదు. మా వాళ్ళలో అలాంటివి అడగరు.

కారణం నీలి రిబ్బను. మా వైపు సంతల్లో మొదటి బహుమతికి ఇచ్చేది అదే. ఓర్లిన్ ఏటేటా గుమ్మడికాయ పెట్టాడు, తేనె పెట్టాడు, పందిని కూడా సబ్బుతో కడిగి పెట్టాడు. నీలిది రాలేదు. ఒక ఏడాది బార్లీ పోటీకి ఆయన ఒక్కడే వచ్చాడు. న్యాయనిర్ణేత ఆ బార్లీని చాలాసేపు చూసి రెండో బహుమతి ఇచ్చాడు. మొదటిది ఎవరికీ ఇవ్వలేదు.

"న్యాయమే," అన్నాడు ఓర్లిన్. తర్వాత వారం పాటు పందులతో కూడా మాట్లాడలేదు.

ఇక లవోన్ యాపిల్ కేకులకు వచ్చిన నీలి రిబ్బన్లంటారా, ఆవిడ వాటితో పెరట్లో టమాటా మొక్కలు కట్టేది. కుళాయి పక్కన ఆ మొక్కలు గాలికి ఊగుతుంటే ఓర్లిన్ చుట్టూ తిరిగి వేరే దారిన నీళ్ళకి వెళ్ళేవాడు.

హాల్డోర్ఫ్‌కి వాళ్ళు వచ్చేసరికి పండగ కోసం పెద్దవీధి మూసేశారు. నారింజరంగు కోటు వేసుకున్న ఒకావిడ రోడ్డు మధ్య నిలబడి, "అటు, అటు! ఆవు వెనకాల!" అని చెయ్యి ఊపింది.

మేం ఊరేగింపుకి రాలేదండీ అని ఓర్లిన్ నోటిదాకా వచ్చింది. కాని ఆవిడ ఎండలో నిలబడి చెమటలు కక్కుతోంది. అంత కష్టపడి చెయ్యి ఊపిన మనిషిని కాదంటే ఏం బాగుంటుంది? పోయి ఆవు వెనకాల చేరాడు.

ఆ ఆవు ఊరి పళ్ళ డాక్టరు హోక్స్ట్రా కట్టిన శకటం. ట్రాక్టరు లాగే బండి మీద కాగితం గుజ్జుతో చేసిన పెద్ద ఆవు నోరు తెరిచి ఉంటే, డాక్టరు చీపురంత బ్రష్షుతో దాని పళ్ళు తోముతూ ఊరంతా తిరుగుతాడు. ఏటా నీలి రిబ్బను ఆ ఆవుదే. ఊళ్ళో పిల్లల పళ్ళ సంగతి నాకు తెలియదు గాని ఆవు పళ్ళు మాత్రం ముత్యాలు.

ఊరేగింపు కదిలింది. శకటం మీదున్నవాళ్ళు జనంలోకి మిఠాయిలు విసరాలి. పిల్లలు సంచులు తెరిచి పట్టుకున్నారు.

"ఓర్లిన్, వీళ్ళు మన వంకే చూస్తున్నారయ్యా."

"చెయ్యి ఊపు."

"ఊపాను. ఇంకా చూస్తున్నారు."

లవోన్ తన సంచిలోని దగ్గుబిళ్ళలు విసిరింది. అవి బ్యాంకు దాటకముందే అయిపోయాయి. ఇక బండిలో మిగిలింది జుకినీలు.

ఆగస్టులో మా వైపు ఎవరూ కారుకి తాళం వెయ్యకుండా వదిలిపెట్టరు. దొంగల భయం కాదు. వదిలిపెడితే, తిరిగొచ్చేసరికి ఎవరో ఒకరు తమ పెరట్లో కాసిన జుకినీలు సీటు నిండా పెట్టి పోతారు. చూడటానికి దోసకాయలే, తినేవాళ్ళు దొరకరు. ఓర్లిన్ ఏ ఊళ్ళోనూ తాళం వెయ్యలేదు. వచ్చినవన్నీ స్నానాలగదిలో పేర్చి, వాళ్ళిద్దరూ దాన్ని వాడటమే మానేశారు.

లవోన్ కిటికీలోంచి ఒకటి మెల్లగా విసిరింది. ఒక పెద్దాయన ఒడిసి పట్టుకుని, చూసి, "మాకున్నాయమ్మా, మీరే ఉంచుకోండి," అని తిరిగి విసిరాడు. ఆవిడ అవతలి కిటికీలోంచి ఇంకొకటి విసిరింది. అదీ తిరిగొచ్చింది. గ్రంథాలయం దగ్గరికి వచ్చేసరికి ఊరంతా లేచి నిలబడింది. జుకినీలు బండి మీదుగా పిట్టల గుంపులా అటూ ఇటూ ఎగురుతున్నాయి. ఒక్కటి నేల మీద పడలేదు. ఒక్కటి ఎవరూ ఉంచుకోలేదు. ఒకటి పోయి పెద్ద బూరా నోట్లో పడితే, ఆ బూరావాడు ఊపిరి బిగించి ఊదాడు, అది ఎగిరి సరిగ్గా లవోన్ ఒళ్ళో వాలింది. ఊరేగింపు అయ్యాక చూస్తే బండిలో మునుపటికంటే ఎక్కువే ఉన్నాయి.

ఇక్కడ చిన్న సవరణ. మొదటి వరస అన్నానే, అది కాదు. హాల్డోర్ఫ్‌లో మొదటి వరస కుర్చీలు ముందురోజే వేసి తాళ్ళతో కట్టుకుంటారు. పొరపాటున మనం కూర్చుంటే లెమ్మని ఎవరూ అనరు. పక్కన నిలబడి నవ్వుతూ మన వంక చూస్తారు. అది భరించడం నావల్ల కాదు. నేను బ్యాంకు వెనకాల, వెన్న రాసిన కంకుల కోసం వరసలో ఉన్నాను. నాకు కనపడింది ఆవు చెవులు, గాల్లో జుకినీలు. మిగతాది లవోన్ మా ఆవిడకి చెప్పింది, మా ఆవిడ నాకు చెప్పింది, కాబట్టి ఇంకా గట్టి సమాచారం.

గ్రంథాలయం మెట్ల మీద మేయరమ్మ మైకు పట్టుకుంది. పేరు పమేలా గ్రోసో. షికాగో నుంచి వచ్చి స్థిరపడింది. మంచి మనిషి, ఊరి మురుగుకాలవలు బాగు చేయించింది. ఆవిడ మీద ఊళ్ళో వేరే ఫిర్యాదు లేదు, ఇప్పుడు చెప్పబోయేది తప్ప.

"ఈ ఏడాది మొదటి బహుమతి, ఇంటిబండికి! రండి, ట్వెట్ గారూ!" పేరు ఆ నారింజరంగు కోటావిడ కనుక్కుని చెప్పింది.

ఆవిడ చేతిలో రిబ్బను ఎండకి మెరిసింది. నీలం. ఓర్లిన్ బండి దిగి, చేతులు జేబుల్లో పెట్టుకుని మెట్ల దాకా వచ్చాడు. అయినా పద్ధతి మరిచిపోలేదు.

మా పద్ధతి తెలియనివాళ్ళ కోసం చెబుతాను. ఎవరైనా ఏదైనా ఇస్తే మొదటిసారి వద్దనాలి. రెండోసారి ఇంకొంచెం గట్టిగా వద్దనాలి. మూడోసారి, పోనీ మీరంతగా అంటున్నారు కాబట్టి అని తీసుకోవాలి. కాఫీ అయినా అంతే, పెళ్ళి సంబంధమైనా అంతే.

"అబ్బే, మాదేముందండీ," అన్నాడు ఓర్లిన్. "దారి తప్పి వచ్చాం."

"కాదు కాదు, మీదే! తీసుకోండి!" అంది మేయరమ్మ.

"ఆవు చాలా బాగుందండీ. ఆవుకే ఇవ్వండి."

జనం మూడోసారి కోసం ముందుకి వంగారు. ఓర్లిన్ కుడిచెయ్యి అప్పటికే జేబులోంచి సగం బయటికి వచ్చింది.

"ఎంత పెద్ద మనసు!" అంది మేయరమ్మ, కళ్ళు తుడుచుకుంటూ. "సరే, మీ కోరిక ప్రకారమే." అని గిర్రున తిరిగి, హోక్స్ట్రా డాక్టరు వద్దనేలోపే ఆయన కోటుకి రిబ్బను గుచ్చేసింది.

జనం ఒకరి వంక ఒకరు చూసుకున్నారు. తర్వాత చప్పట్లు కొట్టారు, ఎందుకంటే కొట్టకపోతే బాగుండదు. ఓర్లిన్ కూడా కొట్టాడు.

సాయంత్రం ఊరి చివర బండ్లు ఆపుకునే మైదానంలో భోజనానికి కూర్చున్నారు.

"కంకులు బాగున్నాయి," అన్నాడు ఓర్లిన్.

"వెళ్ళి అడగవయ్యా. నీకిచ్చిందే కదా."

"అడగడమా?" ఓర్లిన్ ఆవిడ వంక, నడివీధిలో చొక్కా విప్పమన్నట్టు చూశాడు. "ఎవరైనా అడుగుతారా?"

"అయితే నువ్వు కావాలనుకుంటున్నావని వాళ్ళకెలా తెలుస్తుంది?"

"వద్దన్నాను కదా," అన్నాడు ఓర్లిన్ దీనంగా. "రెండుసార్లు."

మర్నాడు పొద్దున ఆయన మడత కుర్చీలో కాఫీ తాగుతుంటే డాక్టరు కారు వచ్చి ఆగింది. డాక్టరు దిగాడు. ఇంజను ఆపలేదు, కారు తలుపు వెయ్యలేదు. కిటికీలోంచి లవోన్ ఆ రెండూ గమనించింది.

"వాన వచ్చేలా ఉంది," అన్నాడు డాక్టరు.

"వస్తే మంచిదే," అన్నాడు ఓర్లిన్.

"ఎక్కువ రాకూడదు."

"ఎక్కువొస్తే కష్టం."

డాక్టరు జేబులోంచి రిబ్బను తీసి ముందుకి పట్టాడు. "ఓర్లిన్ గారూ, ఇది నా దగ్గరుంటే బాగుండదు. మీది మీరు తీసుకోండి." అని, మణికట్టు మీది గడియారం వంక చూసుకున్నాడు. ఓర్లిన్ రెండుసార్లు వద్దనగానే, అయ్యో క్లినిక్‌లో మనుషులు ఎదురు చూస్తున్నారని కారెక్కేయాలని ఆయన లెక్క. పద్ధతి పద్ధతిలాగే ఉంటుంది, రిబ్బను ఆవు దగ్గరే ఉంటుంది.

ఓర్లిన్ రిబ్బను వంక చూశాడు. తాత, ముత్తాత, నార్వే నుంచి పడవెక్కి వచ్చినవాళ్ళందరూ ఆయన గొంతులో వరసగా నిలబడి "అబ్బే, వద్దండీ" అంటున్నారు.

"ఇవ్వండి," అన్నాడు ఓర్లిన్.

లోపల లవోన్ చేతిలోని చెంచా జారి పడింది.

"అంటే... నిజంగా మీదేనండీ, మొహమాటపడకండి," అన్నాడు డాక్టరు, అలవాటు కొద్దీ.

"పడలేదు," అన్నాడు ఓర్లిన్. రిబ్బను అప్పటికే ఆయన చేతిలో ఉంది.

డాక్టరు నోరు తెరిచాడు. ఆయన ఆవు కూడా అంత బాగా తెరవలేదు. ఈ అవమానం చూడలేక లవోన్ అప్పుడే పొయ్యిలోంచి తీసిన యాపిల్ కేకు పళ్ళెంతో సహా పట్టుకొచ్చింది. "డాక్టరు గారూ, కేకు తీసుకోండి."

ఒక ముక్క అని ఆవిడ ఉద్దేశం. అదీ మూడోసారి అడిగాక.

"ఇవ్వండమ్మా," అన్నాడు డాక్టరు. పళ్ళెం మొత్తం అందుకుని, పక్క సీట్లో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆ పూటే బయల్దేరారు. తర్వాతి ఊరి నీళ్ళట్యాంకు కనపడింది. రిబ్బను అద్దం దగ్గర వేలాడుతోంది. ఓర్లిన్ రోడ్డు వంక చూస్తున్నట్టే ఉన్నాడు.

"అది మా అమ్మ పళ్ళెం," అంది లవోన్.

"వెనక్కి తిప్పనా?"

"తిప్పి ఏమంటావ్?"

"ఇవ్వమంటా."

"నీకు బాగా అలవాటైపోతోంది," అంది లవోన్. ముందుకి వంగి, రిబ్బను నలిగిన చోట బొటనవేలితో నొక్కి సరిచేసింది. "వంకరగా పెట్టావు."

ఓర్లిన్ పళ్ళు కనపడేలా నవ్వాడు. లవోన్ ఆయన పళ్ళు చూసి చాలా ఏళ్ళయింది.

ఇదీ జరిగింది. జుకినీలూ నిజమే, బూరా కూడా నిజమే. ఆ పళ్ళెం లవోన్ తల్లిది అన్నది ఒక్కటే నేను కల్పించాను. అది మాన్‌కాటో ఊళ్ళో సామాన్ల కొట్లో కొన్న మామూలు రేకు పళ్ళెం, ఒక మూల సొట్ట కూడా ఉంది. ఆ సంగతి ఉన్నదున్నట్టు చెబితే మీరు అయ్యో అనరు కదా.