వాగుడుకాయలు

ఎనిమిదింటికి గంట మోగగానే వదిన జుట్టంతా తెల్లటోపీలోకి దోపుకుని ఛార్జింగ్ బల్ల ముందు కూర్చునేది. ఆడపడుచు కూడా అక్కడే పనిచేస్తుంది కనుక ఫ్యాక్టరీలో అందరికీ ఆమె వదినే. ఉల్లిపొర కన్నా పలచని ప్లాస్టిక్ పొరను రింగుకు బిగించి కరెంటు తీగ కింద పెట్టాలి. పది సెకన్లలో పొర కరెంటు పట్టేసుకుంటుంది, ఇక వదలదు. ఆ పొరతోనే చొక్కా గుండీ అంత మైకులు తయారై ఫోన్లలోకి, చెవి మిషన్లలోకి పోతాయి.

ఆ పది సెకన్లూ నోరు మెదపకూడదు. మెదిపితే పొర ఆ మాటను కూడా పట్టేసుకుంటుంది. అలాంటి మైకులను వాగుడుకాయలనేవారు. పరీక్ష గదిలో ఆడపడుచు వాటిని విని, ఏరి, సుత్తితో చితక్కొట్టేది. పద్దెనిమిదేళ్లలో వదిన బల్ల నుంచి ఒక్కటీ రాలేదు.

ఇప్పుడు వదిన గొంతులో పుండు. కోసేస్తే బతుకుతుంది, మాట మాత్రం పోతుందన్నాడు డాక్టరు. ఆపరేషన్ కాగితం మీద సంతకం పెట్టనని వదిన మొండికేసింది.

"పిల్లకు ఆరేళ్లు. నోరు లేని తల్లి దానికెందుకు?"

ఆడపడుచు మర్నాడు బల్ల దగ్గరికొచ్చి, "ఈ పూట మాట్లాడు వదినా," అంది.

"ఉద్యోగం ఊడుతుందే!"

"వినేదాన్ని నేనేగా. నా సుత్తి, నా ఇష్టం."

వదిన ఒక పొరను తీగ కింద పెట్టింది. "అమ్మలూ, రా, జడ వేస్తా," అంది. ఇక ఆగలేదు. పరీక్ష తప్పితే కొంప మునగదంది. నచ్చనివాణ్ణి చేసుకోవద్దంది. నడుం నొప్పెడితే బరువులెత్తొద్దంది. సాయంత్రానికి ట్రే నిండింది.

"నేను పోయాక పిల్లకు వినిపిస్తూ ఉండు," అంది తృప్తిగా.

"నేనా? నువ్వు పోతే అన్నీ పొడి చేసేస్తా," అంది ఆడపడుచు. కళ్లు ఎర్రబడ్డాయి. "ఏ మాట ఎప్పుడు వినిపించాలో నాకేం తెలుసు? ఏడుస్తున్న పిల్లకు పెళ్లి మాట వినిపించనా?"

వదిన ట్రేను పక్కకు జరిపింది. "కాగితం ఏదే?" అంది.

మూడు నెలల తర్వాత పిల్ల మోకాలు దోక్కుపోయి ఏడుస్తూ ఇంటికొచ్చింది. గొంతుకు గుడ్డ చుట్టుకున్న వదిన డబ్బా తెరిచి, గబగబా ఒక మైకు తీసి, చిన్న స్పీకరుకు తగిలించింది.

"ఎవరు కొట్టారే నిన్ను?" అని గద్దించింది స్పీకరు.

"ఎవరూ కొట్టలేదమ్మా, పడ్డాను."

వదిన డబ్బాలో మళ్లీ వెతకసాగింది. పిల్ల ఏడుపాపి, పక్కన కూర్చుని కాచుకుంది.