చట్నీ యాల మెత్తగైందంటే

నెల దినాలుగా మా ఇంట్లో చెనిక్కాయల చట్నీ మరీ మెత్తగా అవతాండాదంట. "యాల మునీ, పండ్లు లేనోళ్లకి చేస్తాండావా? గరగరా ఉంటేనే గదా రుచి" అని మా ఆయన హరినాథ్ దోస తుంచి పక్కన పెడతాడు. మా అత్త కాంతమ్మ ఊరికే ఉంటాదా, "అంతసేపు తిప్పితే మిక్సీ కాలిపోతాది" అని ఒక మాట వేస్తాది. వాళ్లిద్దరికీ దోసలు పోసి, బాక్సు కట్టుకోని, నేను నిలబడే రెండు తిని ఎనిమిదింటి బస్సుకి ఉరుకుతా. చట్నీ యాల మెత్తగైందో వాళ్లకి చెప్పలేదు, మీకు చెప్తా.

నాకు మదనపల్లిలో చీరల షాపులో పని. దినమంతా నిలబడే చీరలు పరిచేది, మళ్లా మడతలు పెట్టేది, కాళ్లు లాగినా నవ్వేది. అయినా ఆ పని నాది. పెండ్లయిన ఎనిమిదేండ్లకి దొరికిన పని. ఒప్పుకునేటప్పుడే మా ఆయన ఒక షరతు పెట్టినాడు. "ఏదన్నా మాటొచ్చిందా, ఆ పొద్దే మానేయల్ల." మాట రాలేదు గానీ సాయంత్రం ఇంటికొచ్చే పుంగనూరు బస్సులో ఒక చెయ్యి వచ్చింది. వెంకటేశులుది. మా ఆయన అంగడి పక్కనే వాని అంగడి, ఇద్దరూ ఒకే చోట టీ తాగుతారు. సరుకుకని మదనపల్లికి వచ్చి నేనెక్కే బస్సే ఎక్కుతాడు. బ్రేకు వేసినప్పుడల్లా మీద పడతాడు. బ్రేకు వెయ్యనప్పుడు గూడా పడతాడు. ఇంట్లో చెప్తే ఏమయితాదో నాకు తెలుసు. పక్కింటి సరళకి ఆటోలో ఇట్లాంటిదే జరిగితే మా ఆయన అన్న మాట ఇంకా చెవిలోనే ఉండాది, "ఆయమ్మ ఒక్కతే యాల పోవల్ల?" నేను చెప్పినానంటే వాడు బస్సులోనే ఉంటాడు, దిగిపోయేది నేను.

అందుకే నోరు మూసుకోని, షాపులో అన్నం తినేటప్పుడు ఫోన్లో వీడియోలు చూసినా. ఒకాయమ్మ హిందీలో చెప్తాది, నాకు సగం అర్థమయితాది, మిగిలింది చేతులు చూసి నేర్చుకున్నా. ఎవురన్నా మణికట్టు పట్టుకుంటే బలం కొద్దీ లాగకూడదు, వాని బొటనవేలు ఉండే పక్కకి తిప్పల్ల, పట్టు అక్కడే వదులు. కాలు తొక్కాల్నంటే మడమతో తొక్కల్ల. ఇవన్నీ బాగానే వచ్చినాయి. రానిది ఒక్కటే. అన్నిటికంటే ముందు గొంతెత్తి అరవల్లంట. నాకు గొంతు యాడుండాది? "మెల్లగా మాట్లాడు మునీ, వీధిలోకి ఇనబడతాది" అని ఎనిమిదేండ్లుగా మా అత్త దాన్ని అణిచి పెట్టింది.

అందుకని ఎవురికీ ఇనబడకుండా మిక్సీ వేసి ఆ సద్దులో అరిసినా. మొదటి దినం బయటికి వచ్చిన మాటేందో తెలుసా? "చెయ్యి తియ్యన్నా." నాకే నవ్వొచ్చి, ఎంటనే ఏడుపొచ్చింది. కండక్టరు అన్నా, ఆటో అన్నా, జరగన్నా, ఇయ్యన్నా. బయట అందరూ అన్నలే, ఇంట్లో మొగున్ని పిలిచేది అప్పా అని. నా నోట్లో మొగోనికి చెప్పే ఏ మాటా తోక లేకుండా లేదు. ఆ తోక కోసేదానికి ఇరవై దినాలు పట్టింది. దినమూ మూత అదిమి పట్టుకోని, "తియ్, చెయ్యి తియ్" అని అరుస్తానే ఉన్నా. గింజలు పేస్టయిపోయినాయి.

మొన్న శుక్రవారం బస్సులో వాని చెయ్యి నా నడుము మీదికి వచ్చింది. "చెయ్యి తియ్!" అని అరిసినా. బస్సంతా తిరిగింది. "ఏందమ్మా అట్ల అరుస్తావు, నీకు అన్నలాంటోన్ని" అన్నాడు వెంకటేశులు. "ఇన్ని దినాలు అట్ల పిలిసే గదా ఇంతదూరం వచ్చింది" అని మడమతో వాని కాలు తొక్కినా. ముందు సీట్లో కూర్చున్న ముసలామె "దింపప్పా వాన్ని" అనింది. కండక్టరు విజిలేసి దారిలోనే దింపేసినాడు.

నాకంటే ముందే ఆ వార్త ఫోన్లో ఇల్లు చేరింది. నేను వంటింట్లో గింజలు మిక్సీలో పోస్తాంటే మా ఆయన వచ్చినాడు. "నలుగురిలో నా పరువు తీసినావు. రేపట్నించి షాపూ లేదు, ఏమీ లేదు. ఆ ఫోనిట్లియ్" అని నా మణికట్టు పట్టుకున్నాడు. వాడు చేసింది అడగలేదు, నేను అరిసింది అడిగినాడు. చూస్తే ఆయన బొటనవేలు పైనే ఉండాది. అటు తిప్పినా. చెయ్యి ఊడి వచ్చేసింది. ఆయన ఉత్త అరచేయి చూసుకోని, మళ్లా పట్టుకునేదానికి వచ్చినాడు.

"మెల్లగా మునీ, వీధిలోకి..." అంటాండాది వాకిట్లోంచి మా అత్త.

మిక్సీ స్విచ్చు నా వేలి కిందే ఉండాది. వెయ్యలేదు.

"చెయ్యి తియ్. రేపు ఎనిమిదింటి బస్సుకి పోతాండా" అని అరిసినా. అప్పా అనలేదు. వీధి చివర దాకా ఇనబడే ఉంటాది. ఆయన చెయ్యి మధ్యలోనే ఆగిపోయింది.

తెల్లారి మిక్సీ రెండే తిప్పులు తిప్పి ఆపేసినా. చట్నీ గరగరా వచ్చింది.